మాట ఎరగని కుక్కపిల్ల

గండశిల మీంచి వాగులోకి దూకిన ఇందుసేనుడు నీటిపైకి తేలేసరికి, అతన్ని తరుముకొచ్చిన రాగిముక్కు గద్దలు ఆకాశంలో గుండ్రంగా తిరుగుతున్నాయి. తల ఎత్తితే కళ్లు పొడుస్తాయి, ఎత్తకపోతే ఊపిరాడదు. అంతలో ఎగువన ఒక గొర్రెల మంద వాగు దాటడం కనిపించింది. తామ్రగిరి రాజ్యానికి కాబోయే రాజు నీళ్లలో మునిగి ఈదుకుంటూ వెళ్లి, నల్లటి గొర్రెల తలల మధ్య తన నల్లటి తల దాచుకుని, వాటితో పాటే అవతలి గట్టెక్కాడు. గద్దలు ఏది మనిషి తలో, ఏది గొర్రె తలో తేల్చుకోలేక కాసేపు తిరిగి కొండల వైపు వెళ్లిపోయాయి.

గట్టు మీద అతన్ని పట్టేసింది మాత్రం ఒక కుక్కపిల్ల. బూడిద రంగు ఒళ్లు. ఒక చెవి నిలబడి ఉంది, ఒక చెవి వాలిపోయి ఉంది. అది అతని ఉత్తరీయం చెంగు కరుచుకుంది. అతడు లాగాడు. అది నాలుగు కాళ్లూ నేలలో పాతి అంతకన్నా గట్టిగా లాగింది. ఎలుకను చంపేటప్పుడు విదిలించినట్టు తల అటూ ఇటూ విదిలించింది. నెమలికంఠం రంగు పట్టు పర్రున చిరిగి ఒక పేలిక దాని నోట్లో మిగిలింది.

"ఎవురబ్బీ నువ్వు? వాగు దాటేతలికి మందలో ఒక తల ఎక్కువైందే అనుకుంటి," అంది వెనక నుంచి ఒక ముసలామె. ఆమె పేరు ఓబులమ్మ. ఆమె పక్కన చేతికర్ర మీద గడ్డం ఆనించి నిలబడినవాడు ఆమె మొగుడు నల్లప్ప.

ఇందుసేనుడు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

అతని గొంతు అతని దగ్గర లేదు. తామ్రగిరిలో రాజు కావడానికి కిరీటమూ అభిషేకజలమూ మాత్రమే చాలవు. వైశాఖ పున్నమి నాడు సూర్యుడు అస్తమించేలోగా, సింహాసనం ముందు నిలబడి, వంశప్రతిజ్ఞను సొంత గొంతుతో సభంతా వినేలా చెప్పాలి. చెప్పలేనివాడు ఎంత పెద్దకొడుకైనా తప్పుకోవలసిందే. ఈ సంగతి బాగా ఎరిగిన అతని పినతండ్రి కొడుకు చండసేనుడు, ఘూకనాథుడనే మాంత్రికుణ్ణి ఆశ్రయించాడు. ఘూకనాథుడు వైద్యుడి వేషంలో అంతఃపురానికి వచ్చి, నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, యువరాజు గొంతును ఒక నిమ్మకాయంత శంఖంలోకి లాగేశాడు. ఆ శంఖానికి యువరాజు ఉత్తరీయం నుంచి చింపిన పీలిక చుట్టి పట్టుకుపోయాడు. దాన్ని వెతుక్కుంటూ బయలుదేరిన యువరాజు మీదికి తన రాగిముక్కు గద్దలను ఉసిగొల్పాడు. ఇప్పుడు ఆకాశంలో నెలవంక సన్నగా ఉంది. అది నిండేలోగా శంఖం దొరకాలి. లేకపోతే సింహాసనం చండసేనుడిది.

ఇందుసేనుడు తన గొంతు ముట్టి చూపించాడు. తర్వాత తూర్పున నల్లగా నిలబడిన కొండ వైపు చెయ్యి చాపాడు.

"ఓహో, గొంతులకొండ మూగోడివా," అన్నాడు నల్లప్ప, పెద్దగా ఆశ్చర్యపోకుండా. "ఏడాదికొకడన్నా ఇట్టా దిగొస్తాడులే. ఆ ఘూకనాథుడు గుడ్లగూబ జాతి. పగలు నిద్దరపోతాడు, ఎండలో సగం గుడ్డోడు. అయినా ఏం లాబం? గుహకి ముందరొక అగాధం. దాని మీద సన్నటి రాతివారధి. గొర్రెపిల్ల దాటితే నిలబడతాది, మేకపోతు దాటితే కూలతాది. మనిసి సంగతి చెప్పేదేముంది?"

యువరాజు చాలాసేపు ఆ కొండను చూశాడు. తర్వాత పక్కకు తిరిగి, పట్టు పేలికను ఇంకా విదిలిస్తున్న కుక్కపిల్లను చూశాడు. దాన్ని వేలితో చూపించాడు.

ఓబులమ్మ నోరు నొక్కుకుని నవ్వింది. "ఆ దొంగపీనుగనా? దాని అమ్మ మందకి కాపలా కాసింది. ఇది మందలో పాలు తాగను తప్ప దేనికీ పనికిరాలేదు. దానికి పేరు గూడా ల్యా."

"మా కాపరోళ్లల్లో కుక్కకి ఉత్తినే పేరు పెట్టం," అన్నాడు నల్లప్ప. "దానంతట అదొచ్చి ఒక మనిసి కాలి మీద తల పెట్టాల. అప్పుడే ఆ మనిసి దానికి పేరు పెడతాడు. ఇది ఇంకా ఎవురి కాలి మీదా పెట్టలా."

ఆ విధంగా తామ్రగిరి యువరాజు గొర్రెల కాపరి వేషం వేసుకుని, గొంగడి కప్పుకుని, మూగవాడిగా ఆ దొడ్డిలో ఉండిపోయాడు.

రాజభవనంలో వేటకుక్కలకు నేర్పే పద్ధతి అతనికి తెలుసు. మెడకు పలుపు, చేతిలో కొరడా, నేల అదిరేలా కాలితో తన్నడం. మర్నాడు పొద్దున అతడు కుక్కపిల్ల మెడకు తాడు కట్టి, దాని నడుము నొక్కి కూర్చోబెట్టి, కదిలినప్పుడల్లా కాలు నేలకేసి తన్నాడు. అది మొదట ఉచ్చ పోసింది. తర్వాత తాడు కొరుక్కుని దొడ్డి చుట్టూ వేసిన ముళ్లకంప కిందికి దూరింది. పొద్దుగూకే దాకా బయటికి రాలేదు.

"రాజుగారి కుక్కలకి నేర్పినట్టు నేర్పుతాండాడే వీడు," అంది ఓబులమ్మ మొగుడితో. తన మాట ఎంత దగ్గరగా తగిలిందో ఆమెకు తెలియదు. ఆమె ఆ సాయంత్రం మేక కార్జం నిప్పుల మీద కాల్చి, ఒక తోలుసంచిలో వేసి యువరాజు ముందు పెట్టింది.

"గోరంత ముక్కలు చెయ్. పెద్ద ముక్కేస్తే నమలతా నిన్ను మర్సిపోతాది. అది మింగేలోపలే మళ్లా నీకల్లా సూడాల. ఇంగ కడుపు నిండినాక నేర్పబాక, ఆకలప్పుడే నేర్పు. అది ఆవలించిందా, పాఠం అయిపోయినట్టే. లేసి పో."

ఇందుసేనుడు కంప ముందు నేల మీద కూర్చున్నాడు. ఒక ముక్క కొంచెం దూరంగా పెట్టాడు. ఏమీ చేయకుండా కూర్చున్నాడు. రాజ్యాలు ఏలవలసిన మనిషికి ఏమీ చేయకుండా కూర్చోవడం ఎవరూ నేర్పలేదు. మోకాళ్లు నొప్పెట్టాయి. చీమలు కుట్టాయి. చాలాసేపటికి కంప లోంచి ఒక ముక్కు బయటికి వచ్చింది, ముక్కను అందుకుంది, వెనక్కి పోయింది. రెండో ముక్కను అతడు ఇంకొంచెం దగ్గరగా పెట్టాడు.

గొంతు లేదు కాబట్టి అతడు చేతులతోనే భాష కట్టాడు. చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపిస్తే ఆగాలి. అరచెయ్యి నేలకు దగ్గరగా దించితే రావాలి. పట్టు పేలికను ముక్కు దగ్గర పెట్టి వేలు చాపితే, ఆ వాసన ఉన్నది వెతికి తేవాలి.

పేలికను రాళ్ల కింద, గొర్రెల ఉన్నిలో, నల్లప్ప తలపాగాలో దాచితే అది వెతికి తెచ్చేది. రావడం కూడా తొందరగానే నేర్చుకుంది. ఆగడం దగ్గరే తిప్పలు వచ్చాయి. అరచెయ్యి చూపించగానే కుక్కపిల్ల కూర్చునేది, వెంటనే ఎగిరి లేచేది. మళ్లీ చూపిస్తే మళ్లీ కూర్చుని, మళ్లీ లేచేది. నెలవంక అర్ధచంద్రుడైంది. ఇందుసేనుడు పళ్లు కొరుక్కున్నాడు.

కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్న నల్లప్ప ఒకనాడు తాపీగా అన్నాడు: "దాని తప్పేం ల్యా అబ్బీ. అది కూసున్నాక గదా నువ్వు సంచిలో చెయ్యి పెట్టేది? నువ్వు ముక్క ఎతికి తీసేతలికి అది లేస్తాంది. లేసినాక ముక్క దొరుకుతాంది. నువ్వు దానికి లేసేది నేర్పినావు."

అప్పటినుంచి యువరాజు ముక్కను ముందే పిడికిట్లో పెట్టుకున్నాడు. కుక్కపిల్ల నడుము నేలకు ఆనీ ఆనగానే ముక్క దాని నోట్లో ఉండేది. తర్వాత ఊపిరి పీల్చి వదిలేంత ఆలస్యం చేశాడు. తర్వాత ఒక గొర్రె ఎదురుగా నడిచి పోయేంత. తర్వాత మంద మొత్తం నడిచి పోయేంత. చివరికి కార్జం ముక్కను కుక్కపిల్ల ముందు కాళ్ల మధ్య నేల మీదే పెట్టి, అరచెయ్యి చూపించి, వంద అడుగులు దూరం పోయి నిలబడినా అది తినలేదు. ముక్క వైపు చూడకుండా, చొంగ కారుస్తూ, అతని చేతినే చూసేది.

ఒక్క పాఠం మాత్రం దానికి పట్టుబడలేదు. నోట్లో ఉన్నది వదలడం. పేలిక తెచ్చేది కానీ ఇచ్చేది కాదు. లాగితే ఆట అనుకుని విదిలించేది.

"లాక్కోబాక," అంది ఓబులమ్మ. "రాయి మాదిరి కూసో. కాసేపుండి దానికే ఇసుగు పుట్టి ఆవలిస్తాది. నోరు తెరిస్తే నోట్లోది యాడికి పోతాది, కింద పడతాది."

యువరాజుకు అంత ఓపిక మిగల్లేదు. చంద్రుడు దాదాపు నిండాడు. పున్నమి రోజు తెల్లవారుతుండగానే తోలుసంచి నడుముకు కట్టుకుని, కుక్కపిల్లను గొంగడిలో చుట్టి, ముసలివాళ్లకు చేతులు జోడించి బయలుదేరాడు.

దారిలో ముళ్లవెదుళ్ల లోయ వచ్చింది. అందులోంచి పాకుకుంటూ వచ్చేసరికి ఒంటి మీద గొంగడి పీలికలైంది. తర్వాత పచ్చగడ్డి కప్పుకుని మైదానంలా కనిపించే ఊబి వచ్చింది. ముందు ఉరుకుతున్న కుక్కపిల్ల మరో అడుగు వేస్తే మునిగిపోయేది. అరచెయ్యి గాలిలోకి లేచింది. అది ఒక కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. దాన్ని అందుకోబోయి యువరాజే నడుము దాకా దిగబడ్డాడు. వెదురుబొంగు పట్టుకుని బయటపడ్డాడు గానీ తోలుసంచి ఊబిలోనే ఉండిపోయింది. పిడికిట్లో ఉన్న రెండు ముక్కలే మిగిలాయి. ఒకటి అక్కడికక్కడే కుక్కపిల్లకు ఇచ్చేశాడు. బాకీ పెడితే అది పాఠం మరిచిపోతుంది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అగాధం ఒడ్డున నిలబడ్డాడు.

ఆవలి వైపు గుహ, కొండ తన నోరు తెరిచి ఉంచినట్టు ఉంది. లోపలి గోడలు స్ఫటికం. మధ్యాహ్నపు వెలుగు వాటి మీద పడి తేనె రంగుగా, దానిమ్మ రంగుగా, గోధుమకంకి రంగుగా విరిగిపోతోంది. గోడల నిండా గూళ్లు, ప్రతి గూట్లో శంఖం. పాలనురుగులాంటివి, చిగురాకు అంచులవి, లోపల గులాబీ మెరుపు ఉన్నవి. ప్రతి శంఖంలోనూ ఒక గొంతు బందీగా ఉంది. ఒక గూట్లోంచి జోలపాట, ఒక గూట్లోంచి సంతలో గాజులమ్మే కేక, ఒక గూట్లోంచి ఎవరో పెళ్లికూతురి నవ్వు సన్నగా వినబడుతున్నాయి. గుహ పైఅంతస్తులో రాతి గవాక్షం, దానికి నల్ల తెర. ఆ తెర వెనక గురక. కింది వరస చివరి గూట్లో, నెమలికంఠం రంగు పీలిక చుట్టిన చిన్న శంఖం.

ఇందుసేనుడు పేలికను కుక్కపిల్ల ముక్కు దగ్గర పెట్టాడు. వేలు చాపాడు.

అది రాతివారధి మీద తోక ఊపుకుంటూ పోయింది. మధ్యలో ఒక తూనీగను చూసి ఆగింది. తర్వాత గుహలోకి దూరింది. గూళ్ల వెంట వాసన చూస్తూ నడిచి, చివరి గూడు దగ్గర ముందుకాళ్లు ఎత్తి శంఖాన్ని నోట కరుచుకుంది. దాని పక్కనున్న శంఖం తోక తగిలి కిందపడి పగిలింది. ఎవరిదో కేక ఒకటి గుహంతా తిరిగి గాలిలో కలిసిపోయింది. పగిలిన శంఖంలోని గొంతు ఇక ఎవరికీ దొరకదు.

గురక ఆగింది. నల్ల తెర తొలగింది.

ఘూకనాథుడు గవాక్షంలో నిలబడ్డాడు. గుండ్రటి పసుపు కళ్లు ఎండకు సగం మూసుకుపోయాయి. జుట్టు ఈకల్లా రేగి ఉంది. అతనికి అవతలి ఒడ్డు మసగ్గా మాత్రమే కనిపించింది గానీ, కింద తోక ఊపుతున్నదేమిటో, దాని నోట్లో ఉన్నది ఎవరి శంఖమో తెలిసింది. అతడు నవ్వుకున్నాడు. ఏ జంతువైనా యజమాని పిలుపుకు తిరుగుతుంది. ఆ పిలుపు తన దగ్గరే ఉంది: శంఖాల్లో బంధించిన ఏ గొంతుతోనైనా అతడు మాట్లాడగలడు.

"రా, నా చిన్నారీ. ఇటు రా. నీ ప్రభువును పిలుస్తున్నాను," అన్నాడు ఇందుసేనుడి గొంతుతో.

ఇందుసేనుడు ఉలిక్కిపడ్డాడు. తన గొంతు అంత మధురంగా ఉంటుందని అతనికి అంతవరకు తెలియదు.

కుక్కపిల్ల చెవి ఒకటి పైకి లేచింది. అంతే. ఆ గొంతు దానికి ఎవరిదీ కాదు. దాని యజమానికి గొంతే లేదు. అది వెనక్కి తిరిగి, శంఖంతో వారధి మొదటికి వచ్చి, అవతలి ఒడ్డు మీది చేతి కోసం వెతికింది.

మాంత్రికుడు మరింత తియ్యగా పిలిచాడు, బుజ్జగించాడు, చివరికి ఆజ్ఞాపించాడు. తర్వాత మంత్రం వేసిన లేడిమాంసపు ఖండాన్ని గవాక్షం నుంచి వారధి మొదట్లోకి విసిరాడు. అది కుక్కపిల్ల ముందుకాళ్ల మధ్య పడింది. కమ్మటి వాసన అగాధం దాటి యువరాజు దాకా వచ్చింది. తినాలంటే అది శంఖం వదలాలి. వదిలితే శంఖం అగాధంలోకి దొర్లుతుంది.

ఇందుసేనుడు చెయ్యి ఎత్తి అరచెయ్యి చూపించాడు.

కుక్కపిల్ల కూర్చుంది. చొంగ శంఖం మీంచి ధారగా కారింది. చెయ్యి నేలకు దిగింది. అది లేచి, మాంసాన్ని దాటి, వారధి మీదికి నడిచింది.

"ఒక కుక్కకూనకు నా విద్య చాలలేదా," అని ఘూకనాథుడు ఈసారి తన సొంత గొంతుతో గొణిగి, రెండు చేతులూ చాచి, పొట్టేలంత గుడ్లగూబగా మారి దూకాడు. ఇందుసేనుడి అరచెయ్యి మళ్లీ లేచింది. వారధి నడిమధ్య కుక్కపిల్ల ఆగి నేలకు అతుక్కుపోయింది. అది ఉరుకుతుందని లెక్కవేసి దాని ముందు చోటికి గురిపెట్టిన గుడ్లగూబ, ఎండలో అంచనా తప్పి, రెక్కతో రాతివారధిని కొట్టింది. రాయి బీటలిచ్చింది. విరిగిన రెక్కతో గుడ్లగూబ గింగిరాలు తిరుగుతూ అగాధపు పొగమంచులోకి పడిపోయింది. చెయ్యి దిగింది. కుక్కపిల్ల ఇవతలికి వచ్చి పడిన మరుక్షణం వారధి ముక్కలై కూలింది.

ఇప్పుడు శంఖం జానెడు దూరంలో ఉంది. కుక్కపిల్ల దాన్ని పళ్ల మధ్య బిగించి, లాగు చూద్దాం అన్నట్టు ముందుకాళ్లు చాచి తోక ఊపింది. పక్కన రాతిబండలు. అది ఒక్కసారి తల విదిలిస్తే శంఖం వెయ్యి చెక్కలవుతుంది.

ఇందుసేనుడు మిగిలిన ముక్కను దాని ముందు పెట్టాడు. అది వాసన చూసింది. ముక్క ఊబి బురదలో నాని ఉంది. మొహం తిప్పేసుకుంది.

అదే సమయానికి పడమటి దిక్కున చుక్కల్లా గద్దలు కనిపించాయి. చుక్కలు పెద్దవయ్యాయి. రెక్కల చప్పుడు వినబడింది. రాగి ముక్కులు ఎండకు మెరిశాయి. యువరాజు చెయ్యి తనంతట తానే శంఖం వైపు చాచుకుంది. అతడు దాన్ని వెనక్కి తీసుకున్నాడు. నేల మీద కూర్చున్నాడు. అరచెయ్యి కుక్కపిల్ల దవడ కింద పెట్టి, రాయిలా కదలకుండా ఉండిపోయాడు.

కుక్కపిల్ల కాసేపు ఎదురుచూసింది. శంఖాన్ని కొంచెం కదిపి చూపించింది. అతడు కదల్లేదు. గద్ద నీడ ఒకటి అతని మోకాలి మీంచి పాకింది. అతడు కదల్లేదు. కుక్కపిల్ల తోక ఊపడం మానేసింది. ఇటు చూసింది, అటు చూసింది. పాఠం మరీ సాగిపోయిందనుకుని నోరంతా తెరిచి ఆవలించింది.

శంఖం అతని అరచేతిలో పడింది.

పీలిక విప్పి శంఖాన్ని పెదవులకు ఆనించుకున్నాడు. చల్లటి నీళ్లలాంటిదేదో గొంతులోకి దిగింది. తల ఎత్తేసరికి మొదటి గద్ద గోళ్లు చాచి ఉంది.

"వెళ్లండి," అన్నాడు ఇందుసేనుడు.

గద్దలు గాలిలోనే వెనక్కి తిరిగాయి. యజమాని ఏ గొంతుతో ఆజ్ఞాపించినా వినడం వాటికి అలవాటు. ఇప్పుడే ఈ గొంతుతో ఆయన కొండంతా మారుమోగేలా పిలవడం అవి విన్నాయి. బారులు తీరి పడమటికి వెళ్లిపోయాయి.

యువరాజు నవ్వుతూ కుక్కపిల్ల వైపు తిరిగాడు. దానికి ఇవ్వవలసిన పేరు నాలుక చివర ఉంది.

"రా," అన్నాడు.

కుక్కపిల్ల వెన్ను మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది వెనక్కి వెనక్కి జరిగి బండ సందులోకి దూరి, పళ్లు చూపించి గుర్రుమంది. గవాక్షంలోంచి పిలిచినవాడి గొంతు ఇది.

దిగువన ఎక్కడో, గాలివాటుకు, తామ్రగిరి కోట నగారా వినబడింది. పట్టాభిషేకపు సభ తీరుతోంది. అగాధంలోంచి విరిగిన రెక్క ఈడ్చుకుంటూ ఆ గుడ్లగూబే పైకి తేలి, కోట ఉన్న దిక్కుకే వంకరగా ఎగిరింది. దానికన్నా ముందు చేరాలి. పొద్దు అప్పుడే వాలుతోంది.

ఇందుసేనుడు నోరు మూసుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి నేలకు దించి, ఎదురుచూశాడు. నగారా మళ్లీ మోగింది. అతడు చెయ్యి కదపలేదు. చాలాసేపటికి బండ సందులోంచి ఒక ముక్కు బయటికి వచ్చింది. తర్వాత నిలబడిన చెవి, తర్వాత వాలిన చెవి. కుక్కపిల్ల పాకుకుంటూ వచ్చి అతని చెయ్యి వాసన చూసి, బురద కొట్టుకున్న అతని కాలి మీద తల పెట్టింది.

అతడు పేరు పైకి అనలేదు. దాన్ని గొంగడి పీలికల్లో చుట్టి రొమ్ముకు కట్టుకుని, కొండ వాలు వెంట పరుగెత్తాడు. పొద్దుగూకేలోగా తామ్రగిరి అంతా వినేలా ప్రతిజ్ఞ చెప్పాలి. అదంతా ఈ కుక్కపిల్ల చెవులు మూసి పట్టుకుని చెప్పాలి.